మా బోటులో నాలుగో మనిషి

మొదటిరోజు నా చేతికి ఇచ్చింది వల కాదు, నీళ్లు తోడే డబ్బా. ఐదు లీటర్ల నూనె డబ్బాని పిడి వదిలేసి ఏటవాలుగా కోస్తే అదే మా బోటులో తోడే గిన్నె. కెరటాలు దాటేటప్పుడు ముందు నుంచి నీళ్లు పడతాయి, వెనక్కి పారి ఇంజన్ కింద చేరతాయి. చేరినవి చేరినట్టే బయట పోయాలి. పద్నాలుగేళ్ల కుర్రాడు కొత్తగా బోటెక్కితే ఏ పని ఇస్తారో, ముప్పై నాలుగేళ్ల నాకూ అదే ఇచ్చారు. కోపం రాలేదు. రావడానికి తీరిక ఉంటే కదా! ఒక చేత్తో తోడుతూ, బోటు అంచు మీద వాలి వాంతులు చేసుకుంటున్నాను.

అది 2023 జూన్ 15. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు ఇంజన్ బోట్లు వేటకి వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. అది ముగిసిన తెల్లారే ఊరంతా సముద్రం మీద పడుతుంది. మాది శ్రీకాకుళం జిల్లాలో చిన్న పల్లె. రేవంటూ ఏమీ లేదు, ఇసకే రేవు. ఒడ్డున గంపలతో నిలబడాల్సిన మనిషి బోటులో ఉందని ఎవరో ఫోన్ తీసి వీడియో కూడా తీశారు. ఆ వీడియోలో నేను కనబడను. డబ్బాతో వంగి ఉన్నాను.

ఎక్కడం సరదాకి కాదు, మనిషి దొరక్క. మా పల్లెల్లో ఒంట్లో ఓపికున్న మగవాళ్లలో చాలామంది ఆగస్టు వచ్చేసరికి గుజరాత్‌లోని వేరావల్ వెళ్లిపోతారు, అక్కడి పెద్ద బోట్లలో పనికి. ముందే అడ్వాన్సు చేతిలో పెడతారు, నెలకి ఇంతని తెలుస్తుంది. మా ఆయనా పదకొండేళ్లు వెళ్లాడు. 2022 డిసెంబరులో అక్కడ వించి (వల లాగే యంత్రం) తాడు తెగి భుజం మీద కొట్టింది. ఆపరేషన్ అయ్యాక చెయ్యి భుజం ఎత్తు దాటి లేవదు. అలాంటి చేత్తో వల లాగడమంటే కల. అంతకు రెండేళ్ల ముందే చినమావతో (మా మావయ్య తమ్ముడు) సగం సగం వేసుకుని ఒక ఫైబర్ బోటు కొని ఉన్నాం, డ్వాక్రా లోను మీద. చుక్కాని చినమావ పట్టేవాడు. మా ఆయనకి పెదనాన్న కొడుకు, నాకు బావ, ఒకడు. మరిది వరస కుర్రాడు బుల్లోడు ఒకడు. నాలుగో మనిషి సంక్రాంతికి వచ్చిన వాళ్లతో కలిసి వేరావల్ రైలెక్కేశాడు.

ఒకరు చుక్కాని, ఇద్దరు వల లాగడం, ఒకరు లాగిన వలని సర్దుతూ చేపలు విడదీయడం. ముగ్గురితో అది సాగదు. మార్చిలో పందొమ్మిది రోజులు మా బోటు ఇసక మీదే ఉంది. నేను రోజూ లెక్కపెట్టాను. అంచు మీద కాకులు కూర్చునేవి.

నాకు చేప కొత్త కాదు. పన్నెండేళ్లు గంప మోశాను. వేలం పాటలో ఏ చేప ఎంతకి వెళ్తుందో, ఏ రోజు ఎండబెట్టుకోవడం మేలో, కానాగంత కన్ను చూసి ఎన్ని గంటల కిందట పట్టారో చెప్పగలను. కానీ మా దగ్గర వేటంటే సముద్రం మీద జరిగేదొక్కటే. చేప ఇసక తాకాక అమ్మడం, ఎండబెట్టడం, బాకీలు రాబట్టడం, వడ్డీలకి తిప్పడం, ఇదంతా ఆడవాళ్ల పని, దానికి వేరే పేరు లేదు. వేటకి వెళ్లే మగవాడికి ఆడది ఎదురు రాకూడదు, వల దాటకూడదు, బోటు ఎక్కకూడదు. చిన్నప్పటి నుంచి విన్నవే.

ఒక రాత్రి చినమావ మా ఇంటి అరుగు మీద కూర్చుని ఎవరెవరిని అడిగాడో, ఎవరెవరు రామన్నారో చెబుతుంటే, "నాలుగో మనిషిగా నేనొస్తాను మావా" అన్నాను. లోపల్నుంచే అన్నాను, తలుపు పక్కన నిలబడి. మావ, బావ ఉన్నచోట కోడలు ఎదురుగా కూర్చుని మాట్లాడదు మా ఇళ్లల్లో.

బావ నవ్వాడు. నాతో కాదు, మా ఆయనతో అన్నాడు. "రేపు మా ఆవిడా వస్తానంటాది. ఆల్లంతా బోటెక్కీసి ఎల్లిపోతే మనం వంట సేసుకుందుం."

మా అత్త అయితే గంగమ్మ తల్లి ఊరుకోదంది. గంగమ్మా ఆడదే కదా అని ఎదురు చెప్పొచ్చని ఇప్పుడు అందరూ నాకు చెబుతారు. అప్పుడు ఆ మాట రాలేదు, వచ్చినా అనేదాన్ని కాదు. నాకూ భయమే. ఇప్పటికీ బోటు దింపే ముందు దండం పెట్టుకోకుండా కాలు పెట్టను.

మా ఆయన మర్నాడు ఫోన్లో ఒక ఆవిడని చూపించాడు. కేరళలో త్రిశూర్ జిల్లా, చేట్టువ దగ్గర కె.సి. రేఖ అట, భర్తతో కలిసి సముద్రంలోకి వెళ్తుంది. మన దేశంలో వేటకి లైసెన్సు తీసుకున్న మొదటి మహిళగా ఆమెకి 2017లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సన్మానం కూడా చేసింది. చినమావకి చూపిస్తే చాలాసేపు చూసి, "కేరళ సముద్రం వేరు" అన్నాడు. అరేబియా సముద్రం అక్కడ ఎంత మెత్తగా ఉంటుందో ఆయన ఎప్పుడు చూశాడో మరి.

కానీ చినమావ అన్న ఇంకో మాటకి నా దగ్గర జవాబు లేదు. "నీకు ఈత రాదు. నువ్వు నీళ్లలో పడితే నాను దూకాల. నాను దూకితే సుక్కాని ఎవుడు పడతాడు?"

అది ఆడా మగా మాట కాదు, లెక్క. ఈత నేర్చుకుంటానన్నాను. నేర్చుకుంటే తీసుకెళ్తావా అంటే అవునని అనలేదు, కాదనీ అనలేదు. దాన్నే అవునని పట్టుకున్నాను.

నిషేధం 61 రోజులు నాకు బడి. మా ఊరికి ఉత్తరాన గెడ్డ సముద్రంలో కలిసే చోట నీళ్లు నిలకడగా ఉంటాయి. చీరతో ఈత రాదు. మా ఆయన పాత ఫుల్ చేతుల చొక్కా, కింద పైజామా వేసుకుని దిగాను. బోటెక్కుతానన్న దానికంటే ఆ పైజామా గురించే ఊళ్లో ఎక్కువ మాట్లాడుకున్నారు. మా పెద్దమ్మాయికి అప్పుడు పన్నెండేళ్లు, నాతో పాటే దిగి నాలుగు రోజుల్లో నేర్చేసుకుంది. నాకు ఇరవై రోజులు పట్టింది. కాళ్లు కొట్టడం తెలిశాక కూడా, అడుగున నేల లేదని తోచగానే ఒళ్లు రాయి అయిపోయేది. చివర్లో చినమావ వచ్చి, ఒడ్డున కూర్చుని, ఏమీ మాట్లాడకుండా చూశాడు. తరవాత ఒక బెండు నీళ్లలోకి విసిరి, అది పట్టుకుని తిరిగి రమ్మన్నాడు. తెచ్చాను. "ఊఁ" అన్నాడు. అంతే.

ఇంజన్ మా ఆయన నేర్పాడు. మాది హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసే డీజిల్ ఇంజన్. పైన చిన్న మీట ఉంటుంది. అది ఎత్తి పెడితే లోపల గాలి నొక్కుకోదు, హ్యాండిల్ సులువుగా తిరుగుతుంది. చక్రానికి వేగం అందాక మీట కింద పడేస్తే ఇంజన్ అందుకుంటుంది. ఒక్కోసారి అందుకోదు, వెనక్కి తంతుంది. అందుకే హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు చుట్టూ తిప్పి పట్టకూడదు, మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఉంచాలి. తన్నినప్పుడు చెయ్యి జారిపోవాలి గాని వేలు ఇరుక్కోకూడదు. ఈ సంగతి ఆయన వందసార్లు చెప్పి ఉంటాడు. చెప్పి చెప్పి, ఒకరోజు నా వెనకే నిలబడి, పనిచేసే చేత్తో నా బొటనవేలు తీసి సరిచేసి, కాసేపు అలాగే పట్టుకున్నాడు. తను చెయ్యాల్సిన పని నాకు అప్పజెబుతున్నాడు కదా. ఆ రోజు ఇద్దరం ఇంటికి వస్తూ ఏమీ మాట్లాడుకోలేదు. ఇంజన్ మాత్రం ఇరవై సార్లకి ఒకసారి పట్టేది. నిషేధం అయ్యేసరికి రెండింటికి ఒకటి.

వల కుట్టడం కూడా అప్పుడే నేర్చుకున్నాను. అది తొందరగానే వచ్చింది. అందులో చెప్పుకోవడానికేమీ లేదు.

అసలు పరీక్ష మా ఒడ్డున బోటు దింపడం. పెద్ద కెరటాలు మూడో నాలుగో వరసగా వస్తాయి, తరవాత కాసేపు సద్దుమణుగుతుంది. ఆ సందులోనే దాటాలి. చినమావ దగ్గరి నీళ్లు చూడడు, దూరంగా నల్లగా లేచే గీతకేసి చూస్తుంటాడు. "ఇప్పుడు" అనగానే నడుం లోతు నీళ్లలో అందరం తోసి, కాళ్లు నేల వదిలేలోపు అంచు మీద పొట్ట ఆనించి లోపలికి జారిపోవాలి. బోటు ముక్కు కెరటానికి సూటిగా ఉండాలి. కొంచెం పక్కకి తిరిగినా బోర్లా పడిపోతుంది. తోయడంలో నాకు ఇబ్బంది లేదు, గంప మోసిన కాళ్లు. ఎక్కడమే రాలేదు. చేతులకి అంత బలం లేదు. మొదటి వారం రోజూ బుల్లోడు నా చొక్కా కాలరు పట్టుకుని బస్తాని లాగినట్టు లోపలికి లాగేవాడు. "ఒదినా సారీ, ఒదినా సారీ" అంటూనే లాగేవాడు.

ఎనిమిదో రోజు నేను ఒక తాడుముక్క తెచ్చి, బోటు పక్కన కాలు పెట్టుకునేలా ఉచ్చు కట్టాను. ఆ ఉచ్చులో కాలు పెడితే ఒక్క ఊపులో లోపలుంటాను. బావ దాన్ని చూసి ఆడాళ్ల మెట్టు అన్నాడు, ఊరంతా ఆ పేరే అయింది. తరవాతి ఏడాది చినమావకి మోకాలు నొప్పి మొదలైంది. ఒకరోజు ఆయన కాలు కూడా అందులో పడింది. ఆ తరవాత ఎవరూ ఆ మెట్టు గురించి మాట్లాడలేదు. ఇప్పుడు రెండో వైపు కూడా ఒకటుంది. ఎవరు కట్టారో నేనడగలేదు.

వాంతులు పదకొండు రోజులు అయ్యాయి. దానికంటే పెద్ద సమస్య ఒకటుంది, ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తాను. ముగ్గురు మగవాళ్లున్న, చాటు లేని బోటులో, తెల్లవారుజామున మూడింటి నుంచి పది దాకా, ఒంటికి వెళ్లాలంటే ఎలా? మొదట్లో నీళ్లు తాగడం మానేశాను. ముందు రోజు సాయంత్రం నుంచే గొంతు తడుపుకునేదాన్ని కాదు. మూడో వారం జ్వరం, నడుము నొప్పి, మూత్రంలో మంట. డాక్టరమ్మ బాగా తిట్టింది. అప్పుడు మా ఆయనే చినమావతో మాట్లాడి, వెనక ఇంజన్ పక్కన రెండు కర్రలు నిలబెట్టి, పాత చీర కట్టి, ఒక బకెట్ పెట్టాడు. నేను అటు వెళ్తే ముగ్గురూ ముందుకి తిరిగి కూర్చునేవారు. సిగ్గుపడ్డాను, కాదనను. నెలసరి రోజుల్లో మొదటి ఆరు నెలలు ఇంట్లోనే ఆగిపోయాను. ఆ తరవాత ఆగలేదు, ఎవరికీ చెప్పలేదు కూడా. ఇది చదివితే మా అత్తకి తెలుస్తుంది.

లైఫ్ జాకెట్ మా బోటులో అప్పటిదాకా దిండు. నేను తొడుక్కుంటే నవ్వారు. నవ్వితే నవ్వారు, నాకు ఇద్దరు పిల్లలు.

ఇన్ని చెప్పాను గాని, అసలు బాధ వీటిలో ఏదీ కాదు. బోటులో వాళ్లు నన్ను తిట్టకపోవడం.

బుల్లోడు వల తప్పుగా సర్దితే చినమావ నోటికి హద్దుండదు. వాడి తాత ముత్తాతలందరూ సముద్రం మీదకి వచ్చేస్తారు. అదే తప్పు నేను చేస్తే ఏమీ అనడు. నేను సర్దిన వలని మెల్లగా విప్పి, మళ్లీ సర్దుతాడు. బావ అయితే నాతో మాట్లాడనే మాట్లాడడు. అంతా బుల్లోడి ద్వారానే. "ఒరే, ఆవిడికి సెప్పు, తాడు ఒగ్గమని." నేను ఆయనకి రెండు అడుగుల దూరంలో ఉంటాను. బుల్లోడు నా వైపు తిరిగి, "ఒదినా, తాడు ఒగ్గు" అంటాడు. అప్పటికి తాడు ఎప్పుడో వదిలేసి ఉంటాను. ఇంట్లో మావా బావా వస్తే లేచి నిలబడడం మాకు మర్యాద. మొదటి రోజుల్లో అలవాటుగా బోటులో కూడా లేచాను రెండుసార్లు. సముద్రంలో లేచి నిలబడేది మర్యాద కాదు, బోటు తిరగేయడం. అలా ఇంటి పద్ధతి ఒక్కటొక్కటే ఒడ్డున వదిలేసి రావాల్సి వచ్చింది, బావ మాత్రం తనది వదల్లేదు.

వాళ్లది పగ అనుకోను. అతిథికి పని చెప్పం కదా, అలా చూశారు.

నాకు కాస్త చోటు ఫోన్ వల్ల దొరికింది. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది, ఉపగ్రహాల నుంచి సముద్రపు వేడీ నీటి రంగూ చూసి, చేపలు ఎక్కడ చేరే అవకాశం ఉందో తీరం వెంట ఊళ్లకి సూచన ఇస్తుంది. ఏ దిక్కు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోతు అని ఉంటుంది. మబ్బులు కమ్మితే ఉండదు, నిషేధంలో ఉండదు. మా వాళ్లకి ఆ మెసేజ్ వస్తుందని తెలుసు గాని ఎవరూ చదవరు. లోతు మీటర్లలో ఉంటుంది, మా వాళ్లు బారల్లో అనుకుంటారు. ఒక బార దాదాపు 1.8 మీటర్లు. కిలోలూ వీశలూ మార్చి మార్చి బేరమాడిన దాన్ని, నాకు అదొక లెక్కా? "మావా, ఆగ్నేయంగా ఇరవై రెండు బారల నీళ్లట" అనేదాన్ని. చినమావ ఒడ్డున కొండ కొమ్ముని, తాటితోపుని ఒక గీతలోకి తెచ్చుకుని చోటు గుర్తుపడతాడు. రెండూ కలిపి చూసుకునేవాళ్లం. మొదటిసారి వెళ్తే ఏమీ లేదు. రెండోసారీ లేదు. బావ బుల్లోడితో, "ఆవిడికి సెప్పు, ఉపగ్రహానికి ఆకలేసి తినేసిందేమో" అన్నాడు. మూడోసారి కానాగంతలు పడ్డాయి, వల ఎత్తలేనంత. నాలుగోసారి మళ్లీ లేదు. అయినా అప్పట్నుంచి ఇంజన్ స్టార్ట్ చేసే ముందు చినమావ నా ఫోన్ వైపు ఒకసారి చూసేవాడు.

నాకు బాగా తెలిసింది ధర. నెత్తళ్లు, కవ్వళ్లు దండిగా పడిన రోజు అందరూ ఒకేసారి ఒడ్డుకొస్తే పాట పడిపోతుంది. సిగ్నల్ అందే దూరానికి రాగానే ఒడ్డున గంపలో చేపలమ్మే అప్పకి ఫోన్ చేసేదాన్ని. పక్క ఊరి ఒడ్డున ధర బాగుంటే బోటు అటు తిప్పించేదాన్ని. ఒక్కో రోజు దాని వల్లే డీజిల్ ఖర్చు వెనక్కి వచ్చేది.

అయినా నాకు సగం వాటాయే. మా బోటు లెక్కలో డీజిలు, ఐసు ఖర్చులు తీసేశాక బోటుకి, వలలకి కొంత, మిగిలింది మనుషులకి తలా ఒకటి. బుల్లోడిది నిండు వాటా. నాది సగం. అడిగితే చినమావ, "బోటు వాటాలో సగం మీ ఇంటికే వస్తంది కదమ్మా" అన్నాడు. బోటు వాటా బోటుకి, మనిషి వాటా మనిషికి. ఆయన కూడా సగం బోటు యజమానే, మరి ఆయన మనిషి వాటా నిండుగా తీసుకుంటున్నాడు. ఇది నాకు ఆ రాత్రి పడుకున్నాక తోచింది. మా ఆయన అప్పుడు గోడవైపు తిరిగి ఉన్నాడు. ఈ ఒక్క విషయంలో ఆయన నా తరఫున మాట్లాడలేదు, నేనూ అది మర్చిపోలేదు.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది గాని, మా దాకా గాలీ వానా వచ్చాయి. ముందే వేట ఆపేసి, బోట్లన్నీ తాడు కట్టి తాటిచెట్ల దాకా లాగాం. మగవాళ్లు చాలక ఊళ్లో ఆడవాళ్లందరూ తాడు పట్టారు, మా అత్తతో సహా. ఆడది బోటు ముట్టుకోకూడదని ఆ రోజు ఎవరికీ గుర్తురాలేదు. వాన తగ్గాక మళ్లీ గుర్తొచ్చింది.

ఇలా ఏడాదిన్నర. 2024 నవంబరులో లంగరు సంగతి జరిగింది.

వలలకి చేప తగ్గి, రాళ్లున్న చోటికి గాలాలు వేయడానికి వెళ్లాం. కోనెం పడుతోందని విన్నాం. అలాంటి చోట బోటు కొట్టుకుపోకుండా లంగరు వేసి ఆగాలి. ముందు రోజు లంగరు తాడు నలిగిందని కొత్తది మార్చింది నేనే. ఇనుము వైపు ముడి గట్టిగా వేశాను, లాగి చూశాను, మళ్లీ లాగి చూశాను. చుట్ట చుట్టి చక్కగా ముందు పెట్టాను. అంత చక్కగా అంతకు ముందు ఎవరూ చుట్టి ఉండరు. చోటు రాగానే చినమావ "ఎయ్" అన్నాడు. రెండు చేతులా ఎత్తి వేశాను. తాడు చుట్టలు చుట్టలుగా విప్పుకుంటూ సర్రున వెళ్తోంది. భలే వెళ్తోందే అనుకుంటూ చూస్తున్నాను. చివరి చుట్ట కూడా లేచింది. తాడు కొస, దర్జాగా, అంచు మీదుగా దాటి నీళ్లలోకి జారిపోయింది.

రెండో కొస బోటుకి కట్టలేదు నేను.

ఒక్క నిమిషం ఎవరూ కదల్లేదు. నేను వంగి, పట్టుకోవడానికన్నట్టు నీళ్లలో చెయ్యి పెట్టాను. పద్దెనిమిది బారల నీళ్లు అక్కడ.

"కళ్లు నెత్తికెక్కినాయా నీకు!"

ఎవరిదా గొంతు అని చూశాను. బావ! బుల్లోడి వైపు తిరగలేదు, సూటిగా నా మొహంలోకి చూసి అరుస్తున్నాడు. "కొస కట్టకుండా లంగరెవుడైనా ఏస్తాడా? ఏటి సూసినావే ఏడాదిన్నర నుంచి? మా తాత లంగరది!" ఊపిరి తీసుకుని మళ్లీ మొదలెట్టాడు. చినమావ అందుకున్నాడు. మా పుట్టింటి వాళ్లందరూ సముద్రం మీదకి వచ్చేశారు. బుల్లోడు అంచు పట్టుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. నేను తల వంచుకుని తిట్లు తింటున్నాను. ఏడుపు వస్తోందనుకున్నాను, చూస్తే నవ్వు. అది దాచుకోవడానికి తోడే డబ్బా తీసుకుని, లేని నీళ్లు తోడాను.

ఒడ్డుకి వచ్చాక లెక్క చూసేటప్పుడు, కొత్త లంగరు, తాడు ఖర్చు నా వాటాలోంచి కోస్తామన్నాడు బావ. పద్ధతి అదే, ఎవరు పోగొడితే వాళ్లే ఇచ్చుకోవాలి. కిందటేడు బుల్లోడు టార్చి పోగొడితే వాడి వాటాలోంచే కోశారు.

"కొయ్యండి బావా" అన్నాను. ఆయన్ని నేరుగా పిలవడం నాకూ అదే మొదటిసారి. "కాని నాది సగం వాటా కదా, సగం లంగరే కొయ్యాలి. మిగతా సగం బోటుది."

చినమావ చేతిలో నోట్లు పట్టుకుని ఆలోచించాడు. బావ నోరు తెరిచి, మూసుకున్నాడు. మా ఆయన ఎందుకో లేచి దొడ్లోకి వెళ్లాడు. సగం లంగరు పుచ్చుకుంటే ఇన్నాళ్లూ సగం మనిషినే బోటెక్కించినట్టు. మొత్తం లంగరు పుచ్చుకోవాలంటే మొత్తం వాటా ఇవ్వాలి. చినమావ చివరికి నోట్లు మళ్లీ కలిపేసి, మొదటి నుంచి లెక్కపెట్టాడు. నిండు వాటా తీసి నా ముందు పెట్టాడు. అందులోంచి లంగరు డబ్బులు మొత్తం తీసేసుకున్నాడు. ఆ రోజు నా చేతికి మిగిలింది సగం వాటా కంటే తక్కువ.

పాత వాటాల సంగతి ఎత్తలేదు నేను. ఎత్తాల్సిందేమో.

నిషేధ కాలంలో వేటకి వెళ్లేవాళ్లకి ప్రభుత్వం భృతి ఇస్తుంది. పదివేలుండేది, 2025లో ఇరవై వేలు చేశారు. ఒడ్డున బోట్లు చూసి, ఏ బోటులో ఎవరెవరు వెళ్తారో పేర్లు రాసుకుంటారు. 2024లో నా పేరు చెప్పడానికి నాకే మొహమాటమేసింది, వాటానే సగమాయె. 2025 ఏప్రిల్‌లో పేర్లు రాసుకునే అబ్బాయి మా బోటు దగ్గరకి వచ్చేసరికి ఆధార్ పట్టుకుని నిలబడ్డాను. చినమావ పేరు రాశాడు, బావ పేరు రాశాడు, బుల్లోడి పేరు రాశాడు.

"మీ ఆయన పేరు చెప్పండమ్మా."

"ఆయన వెళ్లడు. నేను వెళ్తాను."

కుర్రాడు మంచివాడే. వెక్కిరించలేదు, ఇబ్బందిపడ్డాడు. "అంటే, వేటకేనా అమ్మా? అమ్మకానికి కాదా? తరవాత ఎవరైనా అడిగితే నేను చెప్పుకోవాలి. మీరు వెళ్తారని ఎవరైనా చెప్పాలి కదా" అని చుట్టూ చూశాడు.

నేను చినమావ వైపు చూశాను. ఆయన బీడీ వెలిగించుకునే పనిలో ఉన్నాడు. ఇసకలో కూర్చుని వల బాగు చేస్తున్న బావ తల ఎత్తకుండానే అన్నాడు.

"మా తాత లంగరు సముద్రంలో పారేసింది ఈవిడే. రాసుకో బాబూ."